తుపాను వ్యాసానికి పదికి తొమ్మిది

కొన్ని నెలల కిందట ఈ పత్రికలోనే ఒక మిత్రులు రాశారు. రాష్ట్రం బయట ఉండిపోయిన మన తెలుగువాళ్ళం ఇంట్లో పిల్లలచేత తెలుగు మాట్లాడించడం తగ్గించాలట. బడిలో ఇక్కడి భాష ఎలాగూ తప్పదు, బతుకుతెరువుకి ఇంగ్లీషు తప్పదు, మధ్యన ఈ మూడోది వచ్చి పిల్లవాడి ఇంగ్లీషు కాంపోజిషన్ని పాడుచేస్తోందట. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాస్తున్నారు గనకనే అన్ని తప్పులని వారి వాదం. వారు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయినవారు. నేను పర్లాకిమిడిలో ముప్పైనాలుగేళ్ళు హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెప్పి 2010లో రిటైరయినవాణ్ణి. వారి దగ్గరికి వెళ్ళిన పిల్లలు నా బోటివాళ్ళ చేతుల మీదుగా వెళ్ళినవాళ్ళే గనక, ఆ తప్పుల్లో నా వాటా ఎంతో నాకు తెలుసు. అందుకని జవాబు చెప్పే బాధ్యత కూడా నాదే అనుకుంటున్నాను.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాస్తున్నారా? అంత అదృష్టం కూడానా! ముప్పైనాలుగేళ్ళలో కాంపోజిషను రాస్తూ ఏ భాషలోనైనా సరే ఆలోచించిన పిల్లవాణ్ణి వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఆలోచించే పని వాళ్ళకి మేము పెట్టలేదు.

నేను చేసిన పని దాచకుండా చెబుతాను. వారానికో పీరియడు కాంపోజిషను. బోర్డు మీద పైన శీర్షిక, కింద ఐదారు పాయింట్లు, దాని కింద వ్యాసం. పిల్లలు తలెత్తడం, చూడడం, తలదించడం, ఎక్కించుకోవడం. బియ్యం చెరిగే చేటలాగ అరవై తలలు పైకీ కిందికీ ఆడుతూండేవి. సాయంకాలానికి అరవై నోట్సులు నా బల్లమీదికి వచ్చేవి. అరవైలోనూ ఒకటే వ్యాసం, అదీ నాదే. ఎర్రసిరా కలం పట్టుకుని రాత్రి పదింటిదాకా నేను దిద్దింది ఏమిటీ అంటే నన్ను నేనే అరవైసార్లు దిద్దుకున్నాను. పిల్లవాడు చేసిన తప్పల్లా ఎక్కించుకోవడంలో జారిన అక్షరమే. ఆ జారిన అక్షరమొక్కటే ఆ పేజీలో వాడి సొంతం. దాన్ని కొట్టేసేవాణ్ణి.

శీర్షికలు మీకూ తెలిసినవే. ఆవు, దీపావళి, రైలు ప్రయాణం, తగలబడుతున్న ఇల్లు, నా హాబీ. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరుపడ్డ ఊరు. గేదె కొమ్ముని రంపంతో కోసి, వేడిచేసి వంచి, ఆకురాయితో నునుపుచేసి, దువ్వెనలూ కొంగలూ రొయ్యలూ చేస్తారు. ఆ పనివాళ్ళ పిల్లలు నా క్లాసులో ఉండేవారు. పన్నెండేళ్ళవాడు బడి వదలగానే వెళ్ళి తండ్రి పక్కన కూచుని కొంగ ముక్కు నునుపు చేసేవాడు. వాడు ‘నా హాబీ’ మీద ఏం రాశాడు? తపాలా బిళ్ళలు సేకరించడం తన హాబీ అనీ, దానివల్ల ప్రపంచదేశాల చరిత్ర, భూగోళం తెలుస్తాయనీ రాశాడు. ఏడాదికి ఒక కార్డుముక్క వచ్చే గడప కాదు వాళ్ళది. నేను ‘గుడ్’ అని రాసి సంతకం పెట్టాను.

సెలవుచీటీ సంగతి మరీ ఘోరం. మా పిల్లలకి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరం ఒక్కటే: యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. వరినాట్లకి వెళ్ళినా జ్వరమే, అప్ప పెళ్ళికి వెళ్ళినా జ్వరమే. ఒకసారి ఒక పిల్లవాడు తొమ్మిది రోజులు రాలేదు. వచ్చాక అదే చీటీ ఇచ్చాడు. గుండు కొట్టించుకుని ఉన్నాడు. ఏరా అంటే, తాత పోయాడన్నాడు. మరి జ్వరమని రాశావేం అంటే వాడు బిక్కమొహం వేసి, ‘సెలవుకి అదే కదండీ రాయాలి’ అన్నాడు. వాడు అబద్ధం ఆడలేదు. సెలవు కావాలంటే జ్వరం అని రాయాలి, అంతే. ‘మా తాత చచ్చిపోయాడు’ అనడానికి మూడు మాటల ఇంగ్లీషు చాలు. ఆ మూడు మాటలూ వాడికి వచ్చు. వాటిని చీటీలో రాయొచ్చునన్న సంగతే వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇందులో తెలుగు చేసిన పాపం ఎక్కడుందో మిత్రులు చూపించాలి.

ఒక్క ఏడు నేను మరోలా చేసి చూశాను. 1986 సంగతి. ఎనిమిదో తరగతి. బోర్డు మీద రైలు ప్రయాణం రాయలేదు. మీరు ఎక్కిన రైలు గురించి చెప్పండర్రా అన్నాను, తెలుగులోనే. ఎక్కిన రైలంటే మాకు ఉన్నది ఒకటే. 1900లో రాజావారు నౌపడ నుంచి మా ఊరిదాకా వేయించి, 1931 నాటికి గుణుపురం దాకా సాగిన చిన్న పట్టాల బండి. 1986లో ఇంకా బొగ్గు ఇంజనే. 2004లో ఆ చిన్న పట్టాలు పీకి తరవాత పెద్ద లైను వేశారు గాని, ఈ తరం ముసలివాళ్ళం అందరం ఆ పొగ మింగి పెరిగినవాళ్ళమే. క్లాసు అరగంటసేపు సంతలాగ అయిపోయింది. ఒకడు చెప్పింది మరొకడు ఖండించడం, వాడి మావయ్య గురించి వీడు చెప్పడం. తరవాత, ‘ఇప్పుడు అదే ఇంగ్లీషులో ఐదు ముక్కలు రాయండి, మాట తెలియకపోతే తెలుగుమాటే పెట్టండి’ అన్నాను.

ఒకడు రాసింది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. నేను జీవితంలో ఇష్టపడి బట్టీపట్టిన కాంపోజిషను అదొక్కటే. ‘ది ట్రెయిన్ ఈజ్ టైర్డ్. మై అంకుల్ ఈజ్ గోయింగ్ డౌన్ అండ్ టేకింగ్ చింతకాయ. హీ ఈజ్ కమింగ్ అండ్ సిట్టింగ్. ది టిక్కెట్ ఈజ్ ఇన్ ది చింతకాయ బేగ్. ది టీసీ ఈజ్ వెయిటింగ్ అండ్ ఈటింగ్.’ ఎత్తు ఎక్కలేక బండి రొప్పుతూ నెమ్మదించింది. మావయ్య దిగి చింతకాయలు కోసుకుని మళ్ళీ ఎక్కాడు. టిక్కెట్టు అడగడానికి వచ్చిన టీసీ, అది చింతకాయల సంచిలోంచి బయటపడేదాకా తనూ రెండు నమిలాడు. వ్యాకరణం దృష్ట్యా క్రియలన్నీ తప్పే, జరిగిపోయినదాన్ని జరుగుతున్నట్టు రాశాడు. ఆ తప్పులు సవరించడానికి నాకు పది నిమిషాలు పట్టింది. వాడికి అర్థమవడానికి కూడా పది నిమిషాలే పట్టింది, ఎందుకంటే ఏ పని ముందు జరిగిందో ఏది తరవాతో వాడికి తెలుసు, అది వాడి మావయ్య కథ. బోర్డు వ్యాసంలో భూతకాలం ఎందుకు పెట్టారో ఏ పిల్లవాడూ నన్ను అడిగిన పాపాన పోలేదు.

ఇది నేను కనిపెట్టిన వింత కాదు. సరిగ్గా ఆ రోజులకి కొంచెం ముందు, 1979 నుంచి 1984 దాకా, ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన బెంగుళూరు, మద్రాసు, కడలూరు వైపు కొన్ని బళ్ళలో ఇంగ్లీషు ఇలాగే చెప్పించి చూశారు. ముందుగా వ్యాకరణ సూత్రం చెప్పడం మాని, రైళ్ళ టైంటేబిలు, పటం లాంటివి ఇచ్చి ఒక లెక్క తేల్చమనేవారు. పిల్లవాడి దృష్టి అర్థం మీద ఉన్నప్పుడే భాష పట్టుబడుతుందని వారి వాదం. ఆ ప్రయోగం మీద విదేశాల్లో పుస్తకాలూ వాదోపవాదాలూ వచ్చాయి. మన బళ్ళకి మాత్రం రాలేదు. పెరటి చెట్టు గదా!

నా ప్రయోగం ఏడు నెలలు బతికింది. ముందు ఒక తండ్రి వచ్చారు. ‘మేష్టారూ, మావాడి నోట్సులో వ్యాసం లేదండి, ఏదో చింతకాయల గొడవ ఉంది’ అన్నారు. నవ్వుతూనే అన్నారు. తరవాత పై అధికారి ఒకరు తనిఖీకి వచ్చి, నోట్సులు తిరగేసి, పదింటిలో పది రకాలుగా ఉండడం చూసి, ఈ క్లాసులో పాఠం ఏకరీతిగా జరగడం లేదని రాసి వెళ్ళారు. హెడ్మాస్టరుగారు మంచివారు. ‘ఎందుకండీ మీకీ తలనొప్పి, పరీక్షలో ఏది వస్తుందో అది చెప్పండి’ అన్నారు. నేను పోట్లాడలేదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని, బదిలీ అంటే భయం. మర్నాడు మళ్ళీ సుద్దముక్క పట్టుకుని బోర్డుమీద ఆవు రాశాను. వీరుడి కథ చెబుతానని ఎవరైనా అనుకుంటే క్షమించాలి.

ఇప్పుడు శీర్షికలోని సంగతి. 1999 అక్టోబరు 29న ఒడిశాకి వచ్చిన పెను తుపాను మీకు తెలుసు. అప్పుడు దెబ్బ ఉత్తరాన పారాదీపు వైపు, మాకు కాదు. ఆ మరుసటి ఏడు మెట్రిక్ పరీక్షకి గైడ్లన్నీ తుపాను వ్యాసంతో నిండిపోయాయి. మేమూ చెప్పాం. ప్రిపరేటరీ పరీక్షలో ఒక తెలుగు పిల్లవాడు ఆ వ్యాసం పొల్లు పోకుండా రాశాడు. అందులో ఒక వాక్యం: ప్రాణనష్టం, ఆస్తినష్టం వర్ణనాతీతం. ఇంగ్లీషులో దాన్ని ‘బియాండ్ డిస్క్రిప్షన్’ అంటారు, గైడ్లవాళ్ళకి మహా ఇష్టమైన మాట. పదికి తొమ్మిది వేశాను. నా చేత్తో కాంపోజిషనుకి తొమ్మిది పడడం అరుదు. క్లాసులో చదివి వినిపించాను కూడా.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఈసారి మా గజపతి జిల్లాకి పెద్ద దెబ్బ. కొండవాలు ఊళ్ళలో ఇళ్ళు పోయాయి, తోటలు పోయాయి, మనుషులు పోయారు. ఆ కుర్రవాడికి అప్పటికి ముప్పైఅయిదేళ్ళు దగ్గర పడ్డాయి. టౌనుకి కొంచెం దూరంలో ఇల్లు. నష్టం జాబితాలో వాళ్ళ ఇల్లు ‘పాక్షికం’ కింద పడింది. పూర్తిగా పోయినదానికీ పాక్షికానికీ డబ్బులో ఎంత తేడానో చెప్పనక్కరలేదు. మార్పించుకోవాలంటే అర్జీ పెట్టాలి. ఆఫీసు బయట అర్జీలు రాసే అతని దగ్గరికి వెళ్ళాడు. అతని దగ్గర ఒకటే నమూనా, పేరూ ఊరూ ఖాళీ వదిలి జిరాక్సు తీసినది. గాలివాన వల్ల నా ఇల్లు తీవ్రంగా నష్టపోయింది, దయతో ఆదుకోవలసింది. అలాంటివి కట్టలు కట్టలు పడ్డాయి. అన్నీ ఒకటే అయినప్పుడు గుమాస్తా మాత్రం దేన్నని చదువుతాడు? కాగితాన్ని చూడకుండానే కట్టలో దోపేశాడట. నేను ఆ గుమాస్తాని ఏమీ అనలేను. నా బల్లమీద అరవై నోట్సులు పడినప్పుడు నేనూ చదవలేదు.

వాడు నా దగ్గరికి వచ్చాడు. మెట్రిక్ ఫస్టు క్లాసు, డిగ్రీ రెండో ఏడు దాకా చదివినవాడు. ‘నువ్వే రాయరా, నీకు రాదా’ అన్నాను. కాగితం ముందు పెట్టుకుని కూచున్నాడు. ఒడియాలో రాద్దామంటే మాట్లాడడమే గాని రాతలో తప్పులు వస్తాయని సిగ్గు. తెలుగు రెండో తరగతితో సరి, ఆ తరవాత చెప్పే మేష్టారు లేరు. ఇంగ్లీషులో, సర్ అన్నాక ‘యాజ్’ అన్న మాట పెట్టాడు. పెట్టి ఆగిపోయాడు. తరవాత వచ్చే జ్వరం ఇక్కడ పనికిరాదు గదా. ‘ఏటి రాయమంటారు మేష్టారూ’ అన్నాడు.

‘ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పు’ అన్నాను. చెప్పాడు. పావుగంట చెప్పాడు. పడమటి గోడ ముందు నానిపోనాదట, తెల్లారగట్ల అది కూలితే వెన్నుదూలం జారి నడింట్లో పడిపోనాదట. రేకులు రెండు ఎగిరి పక్కవారి కొబ్బరిచెట్టుకి తగులుకున్నాయట. తల్లికి నడుం పడిపోయి రెండేళ్ళు, ఆవిణ్ణి మంచంతో సహా ఎత్తి నలుగురూ ఎదురింటి అరుగు మీదికి తెచ్చీసినారట. జాబితా రాసుకోవడానికి వచ్చినతను వీధిలోంచి చూశాడు. వీధివైపు గోడ నిలబడే ఉంది. వెనకాతల ఏమీ లేదు. అదీ కీలకం! వీధి గోడ నిలబడ్డం వల్ల పాక్షికం అయింది.

అతను చెప్పినది చెప్పినట్టు నేను ఇంగ్లీషులో పెట్టాను. ముప్పావు పేజీ అయింది. నాది ఒక్క ఆలోచన లేదు అందులో, మాటలు మార్చడం తప్ప. తరవాత ఎవరో వచ్చి ఇల్లు వెనకనుంచి చూసి వెళ్ళారు, జాబితాలో మారింది. అర్జీ వల్ల మారిందో, మళ్ళీ అందరివీ చూడమని పైనుంచి ఉత్తర్వు వచ్చి మారిందో నేను చెప్పలేను. నాకు నిద్ర పట్టనిది దాని గురించి కాదు. వర్ణనాతీతం అని రాసినందుకు తొమ్మిది మార్కులు వేశాను. వర్ణించవలసిన రోజు వచ్చేసరికి వాడి చేతిలో ఏమీ లేదు. నోట్లో మాత్రం ఉంది. నోట్లో ఉన్నది తెలుగు.

ఆ తెలుగుని ఇంట్లోంచి తీసేద్దామంటున్నారు మిత్రులు. తీసేస్తే ఆ పావుగంట ఎక్కడినుంచి వచ్చేది? నేను దేన్ని ఇంగ్లీషు చేసేవాణ్ణి? ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి ఎక్కుతానన్నట్టు, ఇంట్లో జరిగింది ఇంటిమాటలో కాగితం మీద పెట్టలేని పిల్లవాడిచేత ఇంగ్లీషులో ప్రపంచశాంతి మీద మూడొందల మాటలు రాయిద్దామంటాం.

అయితే మిత్రులు చెప్పినదాంట్లో సగం నిజం ఉందని ఒప్పుకోవాలి. బడిలో మిగిలిన కాస్త తెలుగు కూడా పిల్లవాడి రాతకి సాయపడడం లేదు. ఎందుకంటే దాన్నీ ఇలాగే చెబుతున్నాం. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. మా ఊరివాళ్ళం గనక మాకు కాస్త గర్వం ఎక్కువ. పిల్లలకి ఆయన మీద వ్యాసరచన పోటీ పెడతాం. నేను నాలుగైదుసార్లు న్యాయనిర్ణేతని. ‘పరభాషా వ్యామోహపు చీకట్లను పారద్రోలిన భానుడు’ అంటూ ఎవరో రాసిచ్చింది అక్షరం తప్పకుండా దింపిన పిల్లకి మొదటి బహుమతి ఇస్తాం. ఇస్తున్నప్పుడు పటంలోంచి ఆయన మావైపు చూస్తున్నట్టు ఉంటుంది. ఆయనకి చెవులు సరిగా వినిపించేవి కావు గనక బతికిపోయాం.

ఆయన పోరాటం దేనిమీద జరిగిందో మనలో ఎంతమందికి గుర్తు? వాడుకభాషా ఉద్యమం అనగానే కవిత్వం, నాటకం, పత్రికలు అనుకుంటాం. కత్తులు దూసుకున్నది కాంపోజిషను మీద! పంతులుగారు 1880లో ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి బడిలో చేరిన మేష్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యేట్స్ అనే దొర స్కూళ్ళ ఇనస్పెక్టరుగా మన ఉత్తర సర్కారులకి వచ్చాడు. ఇంగ్లీషుని బతికున్న ఇంగ్లీషుగా, మాట్లాడే ఇంగ్లీషు ఆధారంగా చెప్పాలనే పద్ధతి అప్పుడే బళ్ళలోకి వస్తోంది. మరి తెలుగు మాత్రం ఎవరూ మాట్లాడని భాషలో ఎందుకు చెబుతున్నారన్న ప్రశ్న లేచింది. గిడుగువారు, గురజాడవారు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నని పట్టుకున్నారు. చూశారా, ఇంగ్లీషు ఎలా చెప్పాలి, తెలుగు ఎలా రాయించాలి అన్నవి మొదటినుంచీ ఒకే ప్రశ్న. 1912–13లో స్కూలు ఫైనలు పిల్లలు తెలుగు వ్యాసాన్ని పాతభాషలోనైనా కొత్తభాషలోనైనా రాయొచ్చునని అనుమతి వచ్చింది. దానిమీద పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వాన సభలు, మహజర్లు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషను కోసం ఒక సంఘం వేస్తే, మెజారిటీ పాతభాషకే మొగ్గింది. గురజాడవారు 1914లో తన అసమ్మతి పత్రం రాశారు. అనారోగ్యంతో ఉండి రాశారు. మరుసటేడే పోయారు. ఇచ్చిన అనుమతి కూడా వెనక్కి తీసుకున్నారు.

పండితుల వాదం ఏమిటి? పిల్లవాడు నోటితో ఆడేది రాతకి పనికిరాదు, రాతకి వేరే మర్యాద ఉంది, అది పెద్దలు రాసినదాన్ని అనుకరించి నేర్వవలసింది. ఇప్పుడు మా ఇంగ్లీషు మేష్టార్ల వాదం వినండి. పిల్లవాడి బతుకులో ఉన్నది కాంపోజిషనుకి పనికిరాదు, దానికి మంచి మంచి మాటలు కావాలి, అవి గైడ్లో ఉన్నాయి. ఆ పండితులకి కనీసం పాండిత్యం ఉండేది. నన్నయ తిక్కనలు వాళ్ళ నాలిక చివరన ఉండేవారు. మా నాలిక మీద ఉన్నది గైడు.

పంతులుగారు మరో పని కూడా చేశారు. చుట్టూ కొండల్లో ఉన్న సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, చేతి డబ్బుతో బళ్ళు నడిపారు. 1931లో సవర భాష మీద వారి ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఇంగ్లీషులో అంత పుస్తకం రాయగలిగిన మనిషి సవర పిల్లవాణ్ణి సవరలోనే మొదలుపెట్టమన్నాడు. ఇవాళ ఒడిశాలో 2006–07 నుంచి కొన్ని గిరిజన భాషల్లో తొలి తరగతులు చెప్పే కార్యక్రమం నడుస్తోంది, అందులో సవర ఉంది. చాలా సంతోషం. ఊళ్ళో తెలుగు పిల్లవాడి సంగతే ఎవరికీ పట్టలేదు. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు పంతులుగారు ఈ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఉండిపోయాం.

మనం ఉండిపోయిన ప్రతిచోటా కొట్లాట ఒకే తీరు. తెలుగు మీడియం ఉండాలి, తెలుగు పోస్టులు నింపాలి, పరీక్షలో తెలుగుకి చోటు ఇవ్వాలి. తమిళనాట 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక హోసూరు వైపు మనవాళ్ళు పడ్డ పాట్లు, కోర్టుల చుట్టూ తిరగడం మనకి తెలియనివి కావు. ఆ కొట్లాట తప్పని నేను అనడం లేదు. కాని ఆ పీరియడు దక్కాక అందులో పిల్లవాడిచేత ఏం రాయిస్తామన్నది ఎవరూ అడగరు. పీరియడు దక్కించుకుని, అందులో మళ్ళీ ఆవే రాయించే పనైతే ఆ పీరియడు ఎవరికిచ్చినా ఒకటే.

మెకాలేని తిట్టడం కూడా మనకి అలవాటు. తిట్టండి. కాని 1835లో ఆయన రాసిన ఆ పత్రం, అందులో ఎంత దురహంకారమున్నా, ఆయన అనుకున్నది ఆయనే రాసింది. మనం మెకాలేని తిడుతూ పిల్లలచేత రాయించే వ్యాసం కూడా గైడ్లోదే!

మేష్టార్లు అడ్డం చెబుతారని తెలుసు. అరవైమంది అరవై రకాలుగా రాస్తే దిద్దేదెవరు? నోట్సుకి ఐదు నిమిషాలన్నా ఐదు గంటలు. నిజమే. అన్నీ దిద్దకండి. వారానికి పన్నెండు చూడండి, మిగిలినవి వాళ్ళనే ఒకరిది ఒకరిని చదువుకోమనండి. ఒక పేజీలో ఒకే రకం తప్పు పట్టండి, తక్కినవి ఈసారికి వదిలేయండి. ఇరవై తప్పులకి ఇరవై ఎర్ర గీతలు గీస్తే పిల్లవాడు నేర్చుకునేది ఒకటే, ఇంక సొంతంగా రాయకూడదని. మరి పరీక్ష? ఆ 1986 క్లాసు పిల్లలు పరీక్షలో తక్కిన క్లాసుకంటే వెనకబడలేదు. ముందుకీ పోలేదు, అదీ చెబుతున్నాను. పరీక్ష కొలిచేది వేరే గనక.

కాలేజీల సంగతి మిత్రులకే ఎక్కువ తెలుసు గనక నేను పొడిగించను. అక్కడా గైడే, కాస్త లావుపాటిది. ఈ మధ్య గైడు కూడా అక్కరలేకుండా పోయింది. సెల్‌ఫోనుని అడిగితే తుపాను మీద వ్యాసం నిమిషంలో రాసి పెడుతుంది, నా బోర్డు వ్యాసంకంటే బాగానే ఉంటుంది. నా మనవరాలు చూపించింది. అందులోనూ ప్రాణనష్టం, ఆస్తినష్టం ఉన్నాయి. పడమటి గోడ లేదు.

సంపాదకులకి ఒక మనవి. నెలకి ఒక పేజీ మన పిల్లలకి ఇవ్వండి. బళ్ళారి నుంచి, షోలాపూరు నుంచి, బరంపురం నుంచి, ఎక్కడినుంచైనా. తెలుగులో రాయలేనివాళ్ళు చెబితే ఇంట్లో పెద్దవాళ్ళు రాసి పంపనివ్వండి. ఇంగ్లీషులో రాస్తే తెలుగు లిపిలో వేసుకోండి. వాళ్ళ తప్పులు వాళ్ళకే ఉంచండి. మొదటి నెల కాగితాలు విడదీసి చూసే పని నేను చేస్తాను. కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి.

ఆ మిత్రులకి కూడా ఒక మనవి. మీ ఇంట్లో తెలుగు తగ్గించి పెంచిన మనవలున్నారని మీరే రాశారు. వాళ్ళలో ఒకరిచేత నాకొక ఉత్తరం రాయించండి. ఇంగ్లీషులోనే రాయమనండి. ఎవరూ పక్కన కూచోకూడదు, ఫోను చేతిలో ఉండకూడదు. ఏ విషయమైనా సరే, నేను జవాబు రాస్తాను. జ్వరం వచ్చిందని మాత్రం వద్దు.